ఎత్తు చెప్పుల అక్క

మా అక్క పోయిందని కబురు వచ్చినప్పుడు నేను మార్కాపురంలో నగల షోరూములో ఒక పెళ్ళికూతురికి జూకాలు చూపిస్తున్నాను. ఫోను చేసింది అక్క కూతురు. "పిన్నీ, అమ్మ పోయింది పిన్నీ" అన్నది. ఆ తర్వాత ఏడుపే. పక్కనెవరో ఫోను తీసుకొని మిగతాది చెప్పారు. పొద్దున కాఫీ తాగిందట. గ్లాసు కిటికీలో పెట్టిందట. వరండాలో కుర్చీలో కూర్చొని పక్కింటామెతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయిందట. గుండె.

జూకాలు ట్రేలో సర్ది, పక్క కౌంటరు అమ్మాయికి అప్పగించి, మెట్లు దిగి ఆటో ఎక్కాను. ఇల్లు చేరేదాకా ఏడుపు రాలేదు. ఆటోలో వచ్చిన మొదటి ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. ‘చావు కూడా ఎంత నీటుగా చేసుకుపోయిందో చూడు’ అనుకున్నాను. మంచాన పడలేదు, ఒకరి చేత నీళ్ళు తాగించుకోలేదు. ఉతికిన చీర కట్టుకొని, జడ వేసుకొని, కుర్చీలో కూర్చొని వెళ్ళిపోయింది. నాకు అట్లాంటిది దొరుకుతుందా అని కడుపులో మంటగా అనిపించింది. ఆమె గురించి రాస్తూ ఈ సంగతి దాచిపెడితే నేను రాయగలిగింది ఇంకేమీ ఉండదు. పంతొమ్మిదేళ్ళు ఒకే గేటు తీసుకొని లోపలికీ బయటికీ తిరిగిన ఆడమనిషి మీద నాకు ఉన్నది ఎక్కువ భాగం అసూయే. ప్రేమ ఉంటే దాని అడుగున ఎక్కడో ఉండేది.

ఆమె నా తోడబుట్టినది కాదు, తోడికోడలు. మా ఆయన వాళ్ళ అన్న భార్య. మా వైపు తోడికోడలిని అక్కా అనే పిలుస్తాం. ఆమె గిద్దలూరులో రైల్వే క్వార్టర్సులో పెరిగింది. నేను కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెలో గొర్రెల వెంట పెరిగాను. నాయనకు గొర్రెల మంద ఉండేది. పదో తరగతి అయ్యేదాకా నా కాళ్ళకు చెప్పులు ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. నా పాదాలు అందుకే వెడల్పుగా, వేళ్ళు విడివిడిగా పరుచుకొని ఉంటాయి.

ఆమెను మొదటిసారి చూసింది నా పెళ్ళిలో. మగపెళ్ళివారి జీపు మా గొర్రెల దొడ్డి పక్కన ఆగింది. అక్కడి నుంచి పందిరి దాకా అంతా గులకరాళ్ళు, ఎండిన పెంటికలు. నేను కిటికీలో నుంచి చూస్తున్నాను. జీపులో నుంచి ముందు ఒక చెప్పు దిగింది. సన్నటి పట్టీలు, వెనక మడమ కింద వేలంత పొడుగు కమ్మీ. తర్వాత రెండోది. తర్వాత ఆకుపచ్చ పట్టుచీర. ఆ గులకరాళ్ళ మీద ఆమె తివాచీ మీద నడిచినట్టు నడిచి వచ్చింది.

"ఆ పొడుగామె ఎవురే?" అన్నది మా చిన్నత్త.

"పెళ్ళికొడుకు వదినంట."

"ఎంత బాగా నడుస్తాందో చూడు" అన్నది మా చిన్నత్త. పెళ్ళికూతురిని నేను పక్కనే ఉన్నాను. కిటికీ దగ్గర ఉన్న ఆరుగురు ఆడవాళ్ళలో ఒక్కరు కూడా నా వైపు చూడలేదు.

మా అమ్మ రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని లేచి ఎదురు వెళ్ళింది. అప్పటికి అమ్మకు నలభై ఐదు కూడా నిండలేదు. మా ఊరి బోరు నీళ్ళు అట్లాంటివి. చిన్నప్పుడు పళ్ళకు గార పట్టిస్తాయి, నడివయసుకు కీళ్ళు బిగిస్తాయి. నా పళ్ళకు కూడా ఆ మరకలున్నాయి. పెళ్ళి ఫోటోలన్నిటిలో నేను నోరు మూసుకొనే ఉంటాను. అమ్మ నడక చూసి ఆ ఆకుపచ్చ చీర మనిషి గబగబా వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకొని, "కూర్చో పెద్దమ్మా, నాక్కూడా కూర్చోవాలనుంది" అని చాప మీద తానే ముందు కూర్చుంది. అమ్మ ఆ మాట మరిచిపోలేదు. ఆ తర్వాత ఎప్పుడు ఫోను చేసినా "మీ అక్క బాగుండాదా?" అని అడిగాకే నా సంగతి అడిగేది.

పెళ్ళయ్యాక అత్తగారింటి గడప దగ్గర నాకు ఒక నిజం తెలిసింది. అందరం వాకిట్లో చెప్పులు విడిచాం. అక్క గోడ పట్టుకొని పట్టీలు విప్పి, కిందికి దిగింది. దిగింది అనే అనాలి. దిగి నా పక్కన నిలబడితే ఆమె తల నా తలకు సమంగా ఉంది. ఇద్దరం పొట్టివాళ్ళమే. ఒకే ఎత్తు.

నేను నోరు తెరుచుకొని చూస్తుంటే నవ్వింది. "ఏంది చెల్లే, మోసపోయినావా?"

నా మనసు తేలిక పడాల్సింది. అట్లా జరగలేదు. నిజంగా పొడుగైన మనిషి మీద అసూయపడి ఊరుకోవచ్చు, అది దేవుడు ఇచ్చిందని సర్దుకోవచ్చు. నా అంతే ఉన్న మనిషి, ఇంట్లో నా పక్కనే కూరగాయలు తరిగే మనిషి, గేటు దాటగానే ఇంకొకరు అయిపోతుంటే ఎట్లా సర్దుకోవడం? అత్త ఇంట్లో "ఆ టక్కు టక్కు చెప్పులేందమ్మా" అని సణిగేది. బయట మాత్రం, ఎవరైనా అడిగితే, "మా పెద్దకోడలు" అని రెండుసార్లు చెప్పేది. మా ఆయన సరేసరి. "వదిన రోడ్డు దాటుతుంటే లారీలు కూడా ఆగుతాయి" అన్నాడు ఒకసారి, అన్నం తింటూ. ఆ పూట పెరుగు వేయలేదు ఆయనకు.

పెళ్ళైన ఐదో ఏడు నేను ఎవరికీ చెప్పకుండా బజారుకు వెళ్ళి అట్లాంటి చెప్పులే కొనుక్కొచ్చాను. ఇంకా సన్న మడమ, ఇంకా ఎత్తు. ఇంట్లో వేసుకొని చూసుకునే వీలు లేదు, అత్త ఇంట్లోకి చెప్పులు రానీయదు. సూటిగా ఒక పెళ్ళికి వేసుకెళ్ళాను. మార్కాపురంలోనే ఫంక్షన్ హాలు. గేటు నుంచి కుర్చీల దాకా బాగానే వెళ్ళాను, కింద ఎర్ర తివాచీ ఉంది కాబట్టి. కట్నం కవరు ఇవ్వడానికి స్టేజీ ఎక్కుతుంటే మూడో మెట్టు మీద ఎడమ మడమ ఒరిగింది. నేను కూలబడలేదు, పడ్డాను. మోకాళ్ళ మీద, చేతుల మీద, వీడియో తీసేవాడి లైటు నా ముఖం మీద. వెనక నవ్వులు. మొదట పిల్లలు, తర్వాత పెద్దవాళ్ళు.

అప్పుడు అక్క వచ్చింది. అందరూ చేసినట్టు చెయ్యిచ్చి లేపలేదు. వచ్చి మెల్లగా నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. నా కొంగు సర్ది, "పట్టీ ఊడిపోయింది చెల్లే, కూర్చో ఒక నిమిషం, నాదీ లూజుగా ఉంది" అని అందరికీ వినపడేట్టు అని, తన చెప్పు పట్టీ విప్పి మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చొని చెప్పులు సరిచేసుకుంటున్నారు, అంతే. నవ్వులు ఆగిపోయాయి.

ఆ రోజు ఆమె కూడా నవ్వి ఉంటే క్షమించేదాన్ని. నవ్వకపోవడం నాకు నెలల తరబడి గుచ్చుకుంది.

ఆ తర్వాతి ఏడాది మా ఆయన, బావగారు పనిచేసే పలకల ఫ్యాక్టరీ మూతపడింది. బావగారు సూపర్‌వైజరు కాబట్టి షెడ్డు తాళాలు ఆయన దగ్గరే ఉండిపోయాయి, ఆయనకు వేరే ఆధారం దొరికింది. మా ఆయన మాత్రం కూలికి వెళ్ళే రోజులు, వెళ్ళని రోజులుగా ఉన్నాడు. అప్పుడే ఊళ్ళో పెద్ద నగల షోరూము తెరుస్తున్నారని, కౌంటరుకు ఆడవాళ్ళు కావాలని అన్నారు. ఒకరోజు మిద్దె మీద వడియాలు పెడుతూ అక్క ఆ మాట ఎత్తింది.

"నువ్వు పో."

"నేనా? చీర, నల్ల హీల్సు యూనిఫామంట. ఫంక్షన్ హాల్లో చూసినావు గదా నా భాగోతం."

"నేర్పిస్తా" అన్నది. వడియం మీద నుంచి చూపు ఎత్తకుండానే.

వద్దని చెప్పాలని ఉంది. ఇంట్లో పరిస్థితి వద్దనేట్టు లేదు. మరుసటి రోజు నుంచి మగవాళ్ళు బయటికి వెళ్ళాక మేమిద్దరం ఆ షెడ్డుకు వెళ్ళేవాళ్ళం. గోడ వెంట అమ్ముడుపోని పలకల దొంతరలు, నడుమ పొడుగ్గా ఖాళీ నేల, దాని మీద బూడిద రంగు రాతిపొడి. లోపలికి ఎవరూ రారు. నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు మా ఊళ్ళో లేదు.

మొదటి రోజు చెప్పులే వేయనీయలేదు. గోడకు మడమలు, వీపు, తల ఆనించి నిలబడమన్నది. నిలబడితే నా మెడ దానంతట అదే ముందుకు వంగింది.

"కిందికి ఎందుకు చూస్తావు?"

"గొర్రెల వెంట పోయేటోళ్ళకు అలవాటక్కా. పల్లేరుకాయలుంటాయి, పాములుంటాయి."

"ఈడ పాములు లేవు. కాళ్ళు చూసుకోవాకు. నీ కాళ్ళు యాడికీ పోవు."

రెండో రోజు నేను కొన్న సన్న మడమల చెప్పులు చూసి పక్కన పెట్టేసింది. వెడల్పు మడమ ఉన్న తన పాతవి తెచ్చింది, రెండంగుళాల ఎత్తు, చీలమండకు పట్టీ ఉన్నవి. వాటి లోపల వేళ్ళ దగ్గర కొంచెం దూది పెట్టింది. "వేళ్ళు ముందర పెడతాండావు. మడమ ముందర, తర్వాత వేళ్ళు. చిన్న అడుగు. ఇంకా చిన్నది. నీకేమన్నా బస్సు పోతాందా?" మోకాళ్ళు వంచి నడిస్తే చిన్న పుల్లతో పిక్క మీద తట్టేది. పది నిమిషాలు నడిపించి పలకల దొంతర మీద కూర్చోబెట్టి, ఖాళీ సోడాసీసా నా పాదం కింద పెట్టి దొర్లించమనేది. చెప్పులు పొద్దున కొనకూడదని, సాయంత్రానికి కాళ్ళు ఉబ్బుతాయి కాబట్టి అప్పుడే కొనాలని ఆమె చెప్పిందే. చీర కూడా చెప్పులు వేసుకున్నాకే కట్టాలని, లేకపోతే కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతాయని ఆమె చెప్పిందే. "నొప్పి పుడితే ఆగు. సిగ్గు పుడితే ఆగాకు" అనేది. ఈ మాట నేను కొత్తగా వచ్చే కౌంటరు అమ్మాయిలకు నా మాటగానే చెబుతాను.

ఆ రాతిపొడిలో మా అడుగులు పడేవి. ఆమెవి ముందర ఒక ఆకు, వెనక ఒక చుక్క, ఒకే గీత మీద. నావి కోడి గెలికినట్టు. ఆమె నీళ్ళు తాగడానికి బయటికి వెళ్ళినప్పుడు నేను ఆమె అడుగుల మీద అడుగులు వేసి చూసేదాన్ని. సరిపోయేవి కావు. ఒకరోజు కాలితో ఆమె అడుగులన్నీ చెరిపేశాను కూడా. ఆమె వచ్చి మళ్ళీ నడిచి చూపించింది.

పది రోజులైనా గచ్చు మీద సరిగా మలుపు తిరగలేకపోయాను. చీలమండ మెలిపడి కూర్చుండిపోయి, ఏడుపుతో అన్నాను. "నీకేందక్కా! నువ్వు పుట్టినప్పుడే నేర్చుకొని వచ్చినావు."

ఆమె చీర మోకాలి పైకి తీసింది. మోకాలి కింద అడ్డంగా తెల్లటి మచ్చ, జానెడు. గిద్దలూరులో కాలేజీకి వెళ్ళే రోజుల్లో అందరూ పొట్టిదానా అని పిలిచేవారట. వాళ్ళ నాయనను బతిమాలి ఒక జత కొనిపించుకొని, గూడ్సు బండ్లు ఆగే ప్లాట్‌ఫారం మీద పొద్దున్నే నడిచేదట. ఒకరోజు అంచు మీద అడుగు వేసి కిందికి, పట్టాల పక్క కంకర మీద పడిందట. "ఏడు కుట్లు. మా నాయన చెప్పులు ఇసిరేస్తాడనుకున్నా. ఇసిరేయలా. కుట్లు ఇప్పిన రోజు ఆయనే తెచ్చి మంచం కాడ పెట్టినాడు" అన్నది.

అట్లాంటి నాయన, అట్లాంటి మచ్చ. అది కూడా నాకు లేదే అనిపించింది. అసూయ అంత దూరం పోతుందని అప్పుడు తెలిసింది నాకు.

నెల తిరగకుండా నడక వచ్చింది. షెడ్డు బయట కంకర మీద నడిచాను, మెట్లు ఎక్కాను, దిగాను, ట్రే పట్టుకొని నడిచాను. దిగడం ఎక్కడం కంటే కష్టం. ఒకేచోట గంటసేపు నిలబడడం అన్నిటికంటే కష్టం. దానికి ఒక కాలు కొంచెం ముందుకు పెట్టి, బరువు ఆ కాలికీ ఈ కాలికీ మార్చుకోవడం నేర్పింది. షోరూములో మేనేజరు తలుపు నుంచి కౌంటరు దాకా ఒకసారి నడవమన్నాడు. నడిచాను. "మీ అక్క చెప్పింది మీ గురించేనా?" అన్నాడు. అక్క వచ్చి సిఫారసు చేసింది కాబోలు అనుకొని, అదీ మనసులో పెట్టుకున్నాను.

మొదటి నెల సెలవురోజున చెప్పులు వేసుకొని బజారుకు బయలుదేరితే మా ఆయన వెనక నుంచి చూసి మురిసిపోయాడు. "అచ్చం వదిన మాదిరి నడుస్తాండావే!" వెనక్కి వచ్చి చెప్పులు మూలకు విసిరేశాను. పాపం, ఏం తప్పు చేశాడో ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం అక్క షోరూముకు వచ్చింది. లోపలికి రాలేదు. అద్దం తలుపు అవతల నిలబడి నన్ను చూసింది. నేను చూడనట్టు ముఖం తిప్పుకున్నాను. ‘నేను తయారుచేసిన బొమ్మ’ అని చూసుకోవడానికి వచ్చింది అనుకున్నాను. మళ్ళీ తల ఎత్తేసరికి లేదు.

ఏళ్ళు గడిచాయి. అక్కకు షుగరు వచ్చింది. కాళ్ళకు స్పర్శ తగ్గింది. ఎత్తు చెప్పులు మానేయమని డాక్టరు చెప్పాడు. ఆమె మానేసింది. మెత్తటి రబ్బరు చెప్పులు, అడుగున చదునుగా ఉన్నవి కొనుక్కుంది. గేటు దాటాక కూడా ఆమె ఇప్పుడు నా అంతే. నేను హీల్సు వేస్తే నాకంటే రెండంగుళాలు తక్కువ.

కిందటేడు అందరం శ్రీశైలం బయలుదేరాం. గుడికి వెళ్ళే రోజు ఎవరైనా మామూలు చెప్పులు వేసుకుంటారు. నేను కావాలనే హీల్సు వేసుకున్నాను. పెద్దదోర్నాలలో టిఫినుకు ఆగాం. హోటలు ముందు నేల ఎగుడుదిగుడు, బస్సులు, జనం. అక్క నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. ఆమె నా వైపు తల ఎత్తి చూడాల్సి వచ్చింది. ఆ నాలుగు అడుగులూ నాకు ఎంత సంతోషం కలిగిందో రాయలేను. బల్ల దగ్గర కూర్చొని, ఇడ్లీ రెండు ముద్దలు తినేదాకా ఉంది ఆ సంతోషం.

"ఎంత బాగా నడుస్తాండావే" అన్నది.

"నువ్వు నేర్పిందే గదక్కా." మర్యాదకు అన్నాను.

"ఆ షోరూము ఉద్యోగం ముందర నాకే వచ్చింది, తెల్సా?"

బావగారూ మా ఆయనా అవతల టీ కొట్టు దగ్గర ఉన్నారు. వాళ్ళ వైపు ఒకసారి చూసి చెప్పింది. "నేను పోయి అడిగినా. నడవమన్నారు. నడిచినా. రమ్మన్నారు. మీ బావ ఒప్పుకోలా. పెద్దకోడలు పోయి కౌంటర్లో నిలబడితే ఊళ్ళో తలెత్తుకోలేనన్నాడు. మూడు దినాలు అన్నం తినలా నేను. నాలుగోనాడు పోయి, నాకు కుదరదు, మా చెల్లెలు వస్తది, నెల రోజులు టైమియ్యండి అని చెప్పొచ్చినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పోయేదానివా నువ్వు? నా ఎంగిలంటావు. నీ సంగతి నాకు తెలీదా చెల్లే? షెడ్లో నా అడుగులు కాలితో చెరిపినావు, నేను చూడలా అనుకున్నావా?"

"మరి నీకు కుళ్ళు పుట్టలేదా నా మీద?" అన్నాను.

"పుట్టలేదా!" అన్నది. కళ్ళు మెరిశాయి. "రోజూ తొమ్మిదిన్నరకు నువ్వు గేటు తీసే చప్పుడు ఇని వంటింట్లో గిన్నెలు ఎత్తేసేదాన్ని. అత్త జడుసుకునేది. ఒకనాడు నిన్ను చూద్దామని షోరూము కాడికి వచ్చినా. చూసినా. ఇంక చూడలేక ఎనక్కి వచ్చినా."

"నాకు నీ మీద అంతకంటే ఎక్కువ ఉండేదక్కా."

"నాదే ఎక్కువ."

"కాదు, నాదే. మా అమ్మ ఫోను చేస్తే ముందర నిన్ను అడిగేది."

"నీకు ఫోను చేసే అమ్మన్నా ఉండాది గదే" అన్నది. అక్కకు తల్లి చిన్నప్పుడే పోయింది.

ఆ మాటకు నేను ఓడిపోయాను. ఓడిపోయి నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం బల్ల మీదికి వంగి కళ్ళలో నీళ్ళొచ్చేట్టు నవ్వాం. పళ్ళ మరకలు కనపడతాయని నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు ఆ పూట. బావగారు వచ్చి, "ఏందా నవ్వు? లేయండి, చెక్‌పోస్టు కాడ బండ్లు నిలబడుతున్నాయంట" అన్నాడు.

కొండ ఎక్కుతున్నంతసేపూ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. మా ఇద్దరికీ ఒకే జబ్బు. నాకు వచ్చినప్పుడు నేను ముఖం తిప్పుకున్నాను, అడుగులు చెరిపాను. ఆమెకు వచ్చినప్పుడు రోజూ షెడ్డు తాళం తీసి, నా పాదం కింద సోడాసీసా పెట్టింది. ఈ తేడా మీద నాకు ఉన్న అసూయ ఇప్పటికీ తగ్గలేదు. తగ్గుతుందని కూడా అనుకోవడం లేదు.

పెద్దకర్మ రోజు ఇంటి నిండా జనం. నేను విస్తళ్ళ దగ్గర ఉన్నాను. మధ్యాహ్నం నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. బంధువులు కారు, నేను ఎప్పుడూ చూసినవాళ్ళు కారు. ఒకామె ప్రైవేటు స్కూలు టీచరు. ఒకామె బ్యూటీ పార్లరు నడుపుతుందట. ఇంకొకామెకు కొత్తగా పెళ్ళైంది. నాలుగో అమ్మాయికి పోలియో వచ్చి ఒక కాలు చిన్నది. ఆ కాలి చెప్పు అడుగున నాలుగంగుళాల మందం కట్టించుకుంది. నలుగురూ అక్క ఫోటో ముందు కూర్చొని ఏడుస్తుంటే ఎవరని అక్క కూతురిని అడిగాను.

"నీకు తెలీదా పిన్నీ? అమ్మ దగ్గర నేర్చుకున్నోళ్ళు. నువ్వు డ్యూటీకి పోయినాక వచ్చేటోళ్ళు, షెడ్డుకు. ఈళ్ళే కాదు, చానామంది."

నేను విస్తరి కింద పెట్టేశాను. ఇన్నేళ్ళూ ఆమె చేసిన ఎన్నో పనులకు నేను కుళ్ళుకున్నాను కానీ, ఆ షెడ్డు మాత్రం నాది అనుకున్నాను. ఆ నెల రోజులు నాకొక్కదానికే ఇచ్చింది అనుకున్నాను. టీచరమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఎవరితోనో అంటోంది. "‘క్లాసులోకి పోయేముందు తలుపు కాడ ఒక్క క్షణం నిలబడు, నీకోసం వాళ్ళను లేయనీ’ అనేది మేడం." మేడం! నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. నాకు చెప్పనివి వీళ్ళకు ఇంకెన్ని చెప్పిందో అని కూర్చొని లెక్కలు కట్టుకున్నాను, చచ్చిపోయిన మనిషి ఫోటో ఎదురుగా.

చిన్నకాలు అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. నన్ను కిందా మీదా చూసింది.

"షోరూము పిన్ని మీరే గదా?"

"నేను నీకెట్ల తెలుసమ్మా?"

"మేడం పంపేది మమ్మల్ని. అందరినీ. ‘నేను చెప్తే మీకు తెలీదు, పోయి షోరూము అద్దం కాడ నిలబడి మా చెల్లెలు ఎట్ల నడుస్తదో చూసి రాండి’ అనేది. నేను మూడుసార్లు వచ్చినా. ఒకసారి మీరు లోపలికి రామ్మా అని పిలిచినారు. సిగ్గుపడి పోయినా."

నిజమే. ఏళ్ళ తరబడి అద్దం అవతల అట్లా ఎవరో ఒకరు నిలబడేవారు. కొనేవాళ్ళు కారని నేను పట్టించుకోలేదు. నా వెనక ఉన్న హారాలు చూస్తున్నారనుకునేదాన్ని. ఆ అమ్మాయి చేతిలో విస్తరి పెట్టి, "తిని పో" అన్నట్టున్నాను. తర్వాత పెరట్లోకి వెళ్ళి బకెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను. పదకొండు రోజుల్లో అదే మొదటిసారి నేను ఆమె కోసం ఏడవడం. అంతకుముందు ఏడ్చిందంతా నా కోసమే.

సాయంత్రం నలుగురూ బయలుదేరారు. నీళ్ళ పైపుల కోసం మా వీధి తవ్వి వదిలేశారు. గుంట మీద అడ్డంగా రెండు చెక్కలు వేసి ఉన్నాయి. అవతల ఆటో. ముందు టీచరమ్మ దాటింది. తర్వాత మిగతా ఇద్దరూ కుచ్చిళ్ళు పట్టుకొని దాటారు. చివర చిన్నకాలు అమ్మాయి చెక్క మీద అడుగు పెట్టింది. ఆ చెప్పు బరువుకు చెక్క కిందికి వంగి పైకి లేచింది. చెయ్యి ఇద్దామని నేను గేటు దాటి వచ్చాను. ఆమె వెనక్కి తిరగకుండానే అరచెయ్యి చూపించి వద్దన్నది. వీధిలో అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు మాటలు ఆపి ఆమె వంకే చూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. చెక్క నడుమ ఆగి, చెవి వెనక్కి జుట్టు సర్దుకొని, మిగిలిన రెండు అడుగులూ ఇంకా నిదానంగా వేసింది.